గోడ వైపు రాసిన మాట

మా తమ్ముడు శాంసన్ ఏదైనా పని చేయించుకోవాలంటే ముందు టీ పట్టుకొస్తాడు. ఆ రోజు టీతో పాటు ఉస్మానియా బిస్కెట్ల పొట్లం కూడా తెచ్చాడు. పని పెద్దదేనని అప్పుడే అర్థమైంది.

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో మా షాపు. షాపంటే మూడు గోడలు, ఒక షట్టరు, అంతే. మా నాయిన మత్తయి ముప్ఫై ఏళ్లు ఇందులోనే ఫోటోలకు ఫ్రేములు కట్టాడు. పీటలు, కుర్చీలు, తలుపులు చేశాడు. అందులో పద్దెనిమిదేళ్లు ఆయన పక్కనే కూర్చుని నేనూ చేశాను. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఇప్పుడు రంపపు పొట్టంతా నా ఒక్కదాని నెత్తినే పడుతోంది.

శాంసన్ షాపు ఎల్బీ నగర్‌లో మెయిన్ రోడ్డు మీద ఉంది. అద్దాల తలుపు, ఏసీ, పైన "మత్తయి అండ్ సన్ ఇంటీరియర్స్" అని రాత్రీ పగలూ మెరిసే బోర్డు. ఆ బోర్డు కనిపించినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. వాడు ఉలి పట్టుకుంటే ముందు తెగేది వాడి వేలే. పని మనుషులతో చేయిస్తాడు, మాటలు మాత్రం తాను చెప్తాడు. మాటల్లో వాడిని కొట్టేవాడు లేడు.

"అక్కా, ఒచ్చే ఆదివారం నాయిన జ్ఞాపకార్థ కూడిక గదా" అని సంచిలోంచి పాత ఫ్రేము తీశాడు. "చర్చిల గీ ఫోటో పెడ్తున్నం. ఫ్రేముకు చెద పట్టింది. జర కొత్తది కట్టియ్యి. మంచిగ గ్రాండుగ ఉండాలె."

"గంత పెద్ద బోర్డు పెట్టుకున్నవ్ గదా, నీ షాపుల కట్టించరాదు?"

"ఏందక్కా, నాయిన ఫోటోకు నువ్వు కట్టకుంటె ఎవరు కడ్తరు?"

చూశారా మాట. నేను ఫ్రేము చేతిలోకి తీసుకున్నాను. నాలుగేళ్ల కింద మా చర్చిలో పుల్పిట్, అంటే పాస్టరు నిలబడి ప్రసంగించే చెక్క పీఠం, ప్రతిష్ఠించిన రోజు తీసిన ఫోటో. నడుమ పుల్పిట్ ముందు నాయిన, కుడివైపు దాని మీద చెయ్యి వేసి శాంసన్. వాడి ఒంటి మీద ఇస్త్రీ చొక్కా.

"ఇంకో ముచ్చట" అని బిస్కెట్ టీలో ముంచాడు. "బడంగ్‌పేట్‌ల కొత్త చర్చి లేస్తున్నది గదా. దర్వాజలు, కిటికీలు, బెంచీలు, అన్నీ పుల్పిట్ చేసిన చేతులకే ఇద్దామని కమిటీ అనుకున్నదంట. పాస్టరుగారు ఆదివారమే అందరి ముందట చెప్తరు."

"అయితే నాకే గదా చెప్పాల్సింది."

వాడు నవ్వాడు. "నువ్వు హెల్ప్ చేసినవ్ లే అక్కా. నేనేమన్న కాదంటున్ననా?"

హెల్ప్! అప్పటికే నాయిన చేతులు వణకడం మొదలైంది. పెన్సిల్ పట్టుకోగలిగేవాడు కానీ ఉలి నిలిచేది కాదు. కాగితం మీద గీత ఆయన గీశాడు. కోత నాది, అతుకులు నావి, ముందు పలక మీద చెక్కిన ద్రాక్షతీగె నాది. డెబ్బై రోజులు. శాంసన్ చివరి రెండు రోజులొచ్చి వార్నిష్ కొట్టాడు, అదీ ఒక పక్కే. ప్రతిష్ఠ రోజు పాస్టరుగారు "మత్తయిగారు, ఆయన కుమారుడు శాంసన్ ప్రేమతో చేసి ఇచ్చిన పుల్పిట్" అన్నారు. నేను నాయిన మొహం చూస్తూ కూర్చున్నాను, ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని. ఆయన చేతులు కట్టుకుని తల దించుకున్నాడు. తర్వాత నేను నోరు తెరిచిన ప్రతిసారీ అందరూ అక్కాతమ్ముళ్ల గొడవ అనుకున్నారు. "ఊకో రూబీ, నాయిన ఉండంగ గీ లొల్లేంది" అని అమ్మ నా నోరు మూయించేది.

ఇప్పుడు ఆ తలుపులు కూడా వాడికి పోతాయన్నమాట. ఒకసారి చర్చి గుమ్మాలకు వాడి పేరు పడిందంటే ఇక ఈ జన్మలో నేను మత్తయి కొడుకుకు హెల్ప్ చేసిన అక్కనే. నాకు ఆ తలుపులు కావాలి. అంతకంటే ముందు, చేసింది నేనని ఎవరో ఒకరు గట్టిగా అనాలి.

శాంసన్ పోయాక కోపంతోనే ఫ్రేము విప్పాను. వెనక మేకులు పీకి అట్ట తీశాను. చెద నిజంగానే ఉంది, కానీ ఫోటో దాకా రాలేదు. ఫోటో బయటికి తీస్తే ఒక పక్క మందంగా తగిలింది. ఎడమ అంచు రెండు వేళ్ల వెడల్పున వెనక్కి మడిచి ఉంది.

విప్పాను. ఆ మడతలో ఉన్నది నేను.

తల నిండా పొట్టు, చేతిలో చెక్క నునుపు చేసే రందా. ఫోటో తీస్తున్నారని కూడా తెలియనట్టు వంగి, ప్రతిష్ఠకు ముందు ఆఖరిసారి పుల్పిట్ కాలి అతుకు చూసుకుంటున్నాను. ఆ ఫోటోలో నేనూ పడ్డానని నాకు తెలియదు. గోడ మీద ఇన్నాళ్లూ నాయినా తమ్ముడూ ఉన్నారు, నేను వాళ్ల వెనక మడతపడి ఉన్నాను.

ఫోటో తిప్పితే వెనక నాయిన చేతిరాత. ఇది ఆయన అలవాటు. ఏ వస్తువు చేసినా కనపడని వైపు బద్ద పెన్సిల్‌తో ఏ కట్టె, ఎన్ని రోజులు, ఎవరు చేశారు అని రాసేవాడు. "రిపేరుకొస్తె ఎవర్ని తిట్టాలెనో తెల్వాలె గదా" అని నవ్వేవాడు. పుల్పిట్ కింద మాత్రం రాయలేదు. "తర్వాత రాస్త" అన్నాడు, ఈలోపు దాన్ని నేలకు బోల్టులతో బిగించేశారు. రాత ఎక్కడికి పోయిందో ఇప్పుడు తెలిసింది. అక్షరాలు వణికాయి కానీ చదవొచ్చు.

"పుల్పిట్. టేకు. డెబ్బై రోజులు. చేసింది రూబీ. నేను గీత గీసిన, అంతే. నా పనికన్న మంచిగ ఒచ్చింది."

చివరి మాట కింది మూలన, ఇన్నాళ్లూ మడత కింద దాగిన చోట ఉంది.

"దానికి చెప్పాలె."

మరుక్షణం అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోను తీసి శాంసన్‌కు కొట్టాను.

"నన్ను ఫోటోలకెల్లి మడిచింది నువ్వేనారా?"

"ఏం మడుచుడు? గా ఫ్రేము నాయిననే కట్టిండు. ఫోటో పెద్దగున్నదని పరేషానయిండు. నేను ముట్టుకోలే. అమ్మ మీద ఒట్టు."

పాత ఫ్రేము మళ్లీ చూశాను. నిజమే. నాలుగు మూలల కోత నాయినదే. వెనక మేకులు వంకరటింకరగా దిగి ఉన్నాయి, వణికే చేతులతో కొట్టినవి. రాత మీదికి మడత వచ్చింది. అంటే ముందు రాశాడు, తర్వాత మడిచాడు. ఫ్రేము చిన్నదైతే ఇంకో రెండు అంగుళాల కట్టె వేయాలి. ముప్ఫై ఏళ్లు ఫ్రేములు కట్టినవాడికి ఆ మాట నేను చెప్పాలా? కొడుకు వైపు మడవచ్చు కదా?

ఏడాదిగా ఆయన కుర్చీ మీద గుడ్డ కప్పి ఉంచాను, దుమ్ము పడకూడదని. ఆ గుడ్డ లాగి మూలకు విసిరాను. నిజం తెలుసు ఆయనకు. తెలిసి, రాసి, రాసింది గోడ వైపు తిప్పి మేకులు కొట్టాడు. శాంసన్ మీద కోపం నాకు పాతదే, అలవాటైపోయింది. నాయిన మీద కోపం కొత్త. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కట్టె మీద పెట్టాను.

ఈ ఫోటోకు వెనక వైపు లేదు, రెండూ ముందు వైపులే. ఆ ఒక్కటే ఖాయం చేసుకున్నాను. అనడం తేలిక. మామూలు ఫ్రేముకు వీపు ఉంటుంది. వెనకనుంచి అద్దం, ఫోటో, అట్ట పెట్టి మేకులు కొడితే అయిపోతుంది. వీపు లేని ఫ్రేములోకి ఫోటో ఎటునుంచి పోవాలి? రెండు రోజులు అట్టముక్కల మీద గీసి చింపాను. చివరికి మా చిన్నప్పటి పలక గుర్తొచ్చింది. చుట్టూ చెక్క, నడుమ గాడి, గాడిలో రాయి, రెండు వైపులా రాసుకోవచ్చు. రాయి బదులు రెండు అద్దాలు, అద్దాల నడుమ ఫోటో. అంతే కదా!

నాయిన పుల్పిట్‌లో మిగిలిన టేకు ముక్కలు అటక మీద దాచాడు. అవే దించాను. ఒకటిన్నర అంగుళాల మందం పట్టీలు కోసి, సరిగ్గా నడుమ గాడి తీశాను. రెండు అద్దాలూ కలిపి దూరుస్తుంటే ముప్పాతిక దాకా దిగి బిగుసుకున్నాయి. నిదానంగా బయటికి తీసి గాడి మళ్లీ గీరాలి. నాకు తెలుసు. కానీ ఆ క్షణాన నాయిన తల దించుకున్న మొహం కళ్ల ముందుకొచ్చింది. అరచేత్తో ఒక్క దెబ్బ వేశాను. అద్దం మూలనుంచి మూలకు పగిలింది, నా బొటనవేలు తెగింది. అద్దాల నడుమ ఇంకా ఫోటో పెట్టలేదు కాబట్టి సరిపోయింది.

అప్పుడే అమ్మ ఎస్తేరు టిఫిన్ డబ్బా పట్టుకుని బడంగ్‌పేట్ బస్సు దిగి వచ్చింది. వేలికి గుడ్డ కట్టింది. బల్ల మీద బోర్లా ఉన్న ఫోటో చూసి దగ్గరికి జరిగింది. అమ్మకు చదువు రాదు, కానీ నాయిన రాత వెయ్యి చెక్కల మీద చూసింది.

"మీ నాయిన రాత గదా. ఏం రాసిండు?"

"కొలతలు" అన్నాను. నోట్లోంచి విషంలా వచ్చింది మాట.

అమ్మ నా మొహం చూసింది. ఫోటో తిప్పి మడత విప్పిన అంచును వేలితో నిమిరింది. "అన్నం తిను" అని డబ్బా విప్పింది. నేను తినలేదు.

మర్నాడు మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి గాడి ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, ఎక్కువ తీసి లోపల సన్నటి మఖమల్ గుడ్డ అతికించాను. పై పట్టీని జిగురుతో అతికించలేదు, రెండు చెక్క సీలలతో బిగించాను. అవి లాగితే పట్టీ లేస్తుంది, అద్దాలు పైనుంచి జారి వస్తాయి. అద్దాన్ని ఫోటో కంటే నాలుగు వైపులా అంగుళం పెద్దది కోయించాను. ఆల్బంలో అతికించే ప్లాస్టిక్ మూలలతో ఫోటోను అద్దం నడుమన నిలిపాను. మామూలుగా ఫోటో అంచు కొంత గాడిలోకి పోతుంది, ఎవరూ పట్టించుకోరు. ఈసారి వెంట్రుకంత కూడా పోకూడదు. రెండు రోజులు నాయిన బైబిలు బరువు పెట్టినా మడత గీత పోలేదు. నాయిన మోచేతికీ నాకూ నడుమ తెల్లగా అలాగే ఉంది. ఉండనిచ్చాను.

ఆఖరున కొక్కెం. అది పెట్టనే లేదు. కొక్కెం ఉంటే గోడకు వేస్తారు, గోడకు వేస్తే ఒక వైపు మళ్లీ చచ్చిపోతుంది. బదులుగా కింద రెండు అడ్డ కాళ్లు చెక్కాను, పుల్పిట్ కాళ్ల లాంటివే. ఎక్కడ పెట్టినా నిలబడుతుంది. కాళ్ల కింద పేరు రాయబోయి ఆగాను. నాయినలా దాచి రాసేదాన్నయితే ఇదంతా ఎందుకు?

ఆదివారం ఎల్బీ నగర్ మెట్రో వెనక మా చర్చి హాలు నిండిపోయింది. ఫ్రేమును నాయిన తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చాను. శాంసన్ అప్పటికే సుత్తి, మేకు పట్టుకుని గోడ దగ్గర నిలబడి ఉన్నాడు.

"కొక్కెం ఏదక్కా?"

"లేదు."

"మరి గోడకు ఎట్ల కొట్టాలె?"

"కొట్టలేవు. బల్ల మీద నిలబడ్తది."

"నీకేం పిచ్చా? గోడకు పెడ్తమని అందరికీ చెప్పిన!"

"చెప్పుకో పో" అని పుల్పిట్ ముందున్న బల్ల మీద, తువ్వాల తీయకుండానే, ఫ్రేమును నిలబెట్టాను. పాట మొదలైంది. వాడు పళ్లు కొరుక్కుంటూ పోయి ముందు వరసలో కూర్చున్నాడు. నేను అమ్మ పక్కన కూర్చున్నాను.

మా పాస్టరు దేవసహాయంగారిది తెనాలి వైపు. నాయినను గురించి చక్కగా నాలుగు మాటలు చెప్పి బల్ల వెనక నిలబడి తువ్వాల తీశారు. జనానికి ఫోటో కనిపించింది. "ఎడమ దిక్కు గా పొట్టు తలకాయ ఎవరు? మన రూబీ గదా" అని వెనక ఎవరో అన్నారు. శాంసన్ ముందుకు వంగి చూశాడు.

పాస్టరుగారికి కనిపించింది ఫోటో కాదు. ఆయన వైపున్నది నాయిన రాత. కళ్లజోడు సర్దుకుని చదివారు. పెదవులు కదలడం చూశాను. చివరి దాకా చదివారు. ఒకసారి నా వైపు చూశారు, ఒకసారి శాంసన్ వైపు చూశారు. చెప్తారు, ఇప్పుడు చెప్తారు అని బెంచీ అంచుకు జరిగాను.

"దేవునికి స్తోత్రం" అన్నారు. "చాలా చక్కటి ఫ్రేమండీ. మత్తయిగారి కుటుంబంలో పనితనం దేవుడిచ్చిన వరం. అందుకే కమిటీ ఒక నిర్ణయం తీసుకుంది. కొత్త మందిరం తలుపుల పని ఈ పుల్పిట్ చేసిన చేతులకే అప్పగిస్తున్నాం. శాంసన్, ఇలా ముందుకు రా నాన్నా."

ఈయన కూడా మడిచేశాడు! నేను లేవబోయాను. నాకంటే ముందు అమ్మ లేచింది.

"అయ్యగారూ, మీ దిక్కు ఏదో రాసున్నది. మా ఆయన రాత. నాకు సదువు రాదు, జర గట్టిగ సదువుండ్రి."

"ఎస్తేరమ్మగారూ, కూటం అయ్యాక తీరిగ్గా చదువుకుందామమ్మా."

"అయినంక గాదు. ఇప్పుడే సదువుండ్రి."

అమ్మ అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. పాస్టరుగారు మళ్లీ కళ్లజోడు పెట్టుకుని చదివారు. పుల్పిట్, టేకు, డెబ్బై రోజులు, చేసింది రూబీ. మా నాయిన మాటలు తెనాలి గొంతులో వింతగా వినిపించాయి. "నా పనికన్న మంచిగ ఒచ్చింది" దగ్గర ఆయన ఆగారు. "ఇంకా ఉన్నది" అన్నాను నేను కూర్చున్న చోటు నుంచే. "దానికి చెప్పాలె" అని చదివి కళ్లజోడు తీసేశారు.

అమ్మ నిలబడే ఉంది. ఆమె మొహంలో ఆశ్చర్యం ఏమాత్రం లేదు. అది చూసి అమ్మ చెయ్యి పట్టుకు లాగాను.

"నీకు ముందే తెలుసా?"

"మీ నాయిన నాకు చెప్పిండు బిడ్డా. గా రోజే చెప్పిండు. ఆ తర్వాత గూడ శాన సార్లు. ఇంటికొచ్చి నీ పని ముచ్చటే చెప్పేటోడు."

"నాకెందుకు చెప్పలే? గీళ్లకెందుకు చెప్పలే?"

అమ్మ శాంసన్ వైపు చూసింది, మళ్లీ నా వైపు చూసింది. "పిలగానికి పని రాదు, పేరన్న ఉండని అన్నడు. రూబీకేంది, దానికి పని ఉన్నది గదా అన్నడు. ఎప్పుడో ఒకనాడు నీకు చెప్తడని జూసిన. చెప్పకనే పాయె. నేను గూడ చెప్పకనే పోతనేమోనని భయమైతున్నది."

శాంసన్ సగం లేచినవాడు అలాగే ఉండిపోయాడు. మెడ దాకా ఎర్రబడింది. చర్చి నిండా జనం ముందు వాడి తండ్రి మాటగా, వాడి తల్లి నోట ఆ మాట పడింది. జాలి పడాల్సింది. పడలేకపోయాను.

"పని ఉన్నదని పేరు గుంజుకుంటరా?" అన్నాను. ఎవరినని అన్నానో నాకే తెలియదు. లేచి బల్ల దగ్గరికి నడిచి ఫ్రేమును తిప్పాను. రాత జనం వైపు, ఫోటో పాస్టరుగారి వైపు. తెగిన వేలికి కట్టిన గుడ్డ అందరికీ కనిపించే ఉంటుంది.

పాస్టరుగారు ఫోటోలో నన్ను చూశారు, తర్వాత తల ఎత్తారు. "రూబీ, తలుపుల కొలతలకు ఎప్పుడొస్తావమ్మా?"

"రేపు పొద్దుగాల ఒస్త."

అదీ జరిగింది. గుమ్మాలు లేస్తున్నాయి. శాంసన్ నాతో మాట్లాడటం లేదు. ఫ్రేము బల్ల మీదే ఉంది. ప్రతి ఆదివారం నేను పోయేసరికి ఎవరో దాన్ని ఫోటో వైపుకు తిప్పి ఉంచుతున్నారు, నేను మళ్లీ రాత వైపుకు తిప్పుతున్నాను. తిప్పినప్పుడల్లా కింది మూలన ఆ చివరి మాట కంట పడుతుంది, నా కోపం మళ్లీ మొదటికొస్తుంది. పుల్పిట్ అయ్యాక నాయిన మూడేళ్లు బతికాడు. మూడేళ్లూ మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం. పచ్చడి సీసా ఇటు ఇయ్యి అన్నంత సేపట్లో చెప్పొచ్చు.